పొంతనల డబ్బా

దేవరయాంజాల్‌లో వీరయ్య ఇంటి ముందుగది. మధ్యాహ్నం రెండున్నర. ఆయన భార్య మనోరమ, కూతురు శ్రీదివ్య నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. బల్ల మీద ఉన్న పాత కంప్యూటర్ మరలు విప్పుతోంది శామీర్‌పేట నుంచి వచ్చిన మెకానిక్ నిఖత్.

"పుచ్చులు సూసి తియ్యి దివ్యా. పైకి పచ్చగనే ఉంటయ్, లోపట పురుగుంటది. ఓ దివ్య నాయినా, నువ్వు జర పక్కకు జరుగు. ఆ పిల్ల నెత్తి మీద నిలబడితే పని ఎట్ల జేస్తది?"

"లైటు సరిగ పడుతుందో లేదో సూస్తున్న మనోరమా."

"నువ్వు నిలబడ్డంకనే పడుతలేదు."

"ఆంటీ చెప్పింది నిజమే అంకుల్, జర జరుగుర్రి. దివ్యా, టార్చి ఏమన్న... హా, థ్యాంక్స్. నువ్వే పట్టుకో, ఇట్ల లోపటికి."

"సూసినవా నిఖత్ బిడ్డా, నువ్వు అడుగకముందే తెచ్చింది. నోరు లేస్తలేదు గని నా బిడ్డకు చేతులు మంచిగ పనిజేస్తయ్."

"నోరెందుకు లేస్తలేదు? నాతోటి మంచిగనే మాట్లాడుతది. నీతోటే బంద్."

"ఆర్నెల్లాయె మనోరమా. మొన్న తేలొస్తె గూడ నోటితోని చెప్పలే. చీపురుతోని సూపెట్టింది."

"సూపెట్టింది గద. గంతకన్న ఏం గావాలె?"

"అంకుల్, ఈ డబ్బా మూత తీసి ఎన్నేండ్లాయె?"

"తియ్యనే లేదు బిడ్డా. తెచ్చిన కాడికెళ్లి ఇరవై ఏడేండ్లు. దసరకు పైకెళ్లి పసుపు బొట్టు పెడత, గంతే. లోపటికి చెయ్యి పెట్టుడు మంచిది గాదు."

"లోపల బల్లి గుడ్లున్నయ్ అంకుల్."

"శుభమే."

"నాలుగు పగిలి పిల్లలు వెళ్లిపోయినయ్ గూడ. డొల్లలే మిగిలినయ్."

"ఇంకా శుభం."

"ఏం శుభమో. నిఖత్ బిడ్డా, నువ్వేం జేస్తున్నవో నాకు జర సమజయ్యేటట్టు చెప్పు. ఈయన ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు, మా కంప్యూటర్‌కు గుండె ఆపరేషన్ అని."

"గుండె గాదు ఆంటీ, మెదడు. ఈ పచ్చ పలక ఉంది చూడుర్రి, దీన్ని మదర్‌బోర్డు అంటరు. ఇది ఇల్లు అనుకోర్రి. నడిమిట్ల ఈ నల్ల చిప్పు ప్రాసెసర్. లెక్కలన్నీ చేసేది ఇదే. ఇల్లు అట్లనే ఉంటది, లెక్క చేసేటోణ్ణి మారుస్తున్న."

"ఇల్లు అట్లనే ఉంచి ఇంటాయన్ను మారుస్తరా? మస్తుంది. మాకు గూడ ఒకటి దొరుకుతదా?"

"మనోరమా!"

"చిక్కుడుకాయల సంగతి అంటున్న. ఇవ్వి ముదిరినయ్."

"అంకుల్, నాకొకటి సమజ్ గాదు. ఇంత పరేషాన్ ఎందుకు? కొత్త కంప్యూటరే తెచ్చుకోవచ్చు గద."

"కొత్తదాంట్ల నా ప్రోగ్రాం నడువది బిడ్డా. సికింద్రాబాద్‌ల ఒక సారు ఫ్లాపీల మీద రాసిచ్చిండు. సారు పోయిండు, ఫ్లాపీలు పోయినయ్, డబ్బాల మటుకు ఉంది. ఈ డబ్బాకున్న పేరు నీకేం తెలుసు? అల్వాల్, మచ్చ బొల్లారం, శామీర్‌పేట్, ఏడ పిల్లకు సంబంధం జూసినా 'వీరయ్య డబ్బాల పెట్టిన్రా' అని అడుగుతరు."

"అడుగుతుండిరి. ఇప్పుడు ఫోన్లల్ల సూసుకుంటుండ్రు."

"గదే నా పరేషాన్ మనోరమా! నేను పిల్ల పేరు రాసుకునేలోపే పోరగాండ్లు ఫోన్ తీసి, ముప్పై ఆరుకు గిన్ని కలిసినయ్ అంటరు. నాది అరగంట తీసుకుంటది. గందుకే గద నిఖత్‌ను పిలిచింది. దివ్య నిఖత్ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టకపోతే, గిట్ల మార్చొచ్చని నాకు గూడ తెల్వకపోవు."

"పాతది మరీ నిదానం అంకుల్. దీనిది ఇరవై ఐదు స్పీడు, నేను తెచ్చిందానిది వంద. ఇంకోటి, పాతదాంట్ల దశాంశాల లెక్క చేసే భాగమే లేదు. ఎక్కాలు రాని పిల్లగాడు వేళ్లు మడిచి లెక్కబెడతడు చూడుర్రి, గట్ల లెక్కబెడుతది. కొత్తదాంట్ల ఆ భాగం ఉంది."

"ఇరవై ఏడేండ్లు వేళ్లు మడిచిందా పాపం."

"మంచిగ చేసింది మనోరమా. తప్పు పోలేదు. ఒక్క జాతకం గూడ తప్పు పోలేదు. బిడ్డా, నాలుగింటిలోపు అయితది గద?"

"అయితది. నాలుగింటికి ఏముంది?"

"మేడ్చల్ వాళ్లొస్తుండ్రు, మా దివ్యను అడిగినోళ్లు. పిల్లగాని పేరు మల్లేష్, కోళ్ల దాణా కంపెనీల సూపర్‌వైజర్. పోయిన నెల వచ్చిన్రు, డబ్బాల పెట్టిన. ముప్పై ఆరుకు ముప్పై ఒకటి! వాళ్ల ముందట మళ్లొకసారి జల్దీ కొట్టి సూపెట్టి, ఇయ్యాల్నే పూలుపండ్లు పెట్టుకొని ఖాయం జేసుకుంటం."

"దివ్యకు ఇష్టమేనా అంకుల్?"

"ముప్పై ఒకటి కలిసినయ్ బిడ్డా."

"అది గాదు, పిల్లకు ఇష్టమేనా అంటున్న."

"ముప్పై ఒకటి కలిసినంక ఇష్టం అదే వస్తది."

"దివ్యా, టార్చి పైకి పోతుంది. కిందికి పట్టు. హా."

"మొదలు ఒకటి వచ్చింది నిఖత్ బిడ్డా, దూలపల్లిది. పరమేష్ అని, పాత మిషన్లు విప్పి సామాన్లు అమ్ముకునే షెడ్డు ఉంది. మా దివ్య మనసువడ్డది. నేనేమన్న కాదన్ననా? అనలే. తల్లిని, కొడుకును ఇంటికి పిలిచిన, ఇద్దరి పేర్లు డబ్బాల పెట్టిన. ఏమొచ్చినయ్? పదమూడు! గణ దోషం, రాశి దోషం, నాడి దోషం. పద్దెనిమిది లేకుంటే ఏ తండ్రన్న పిల్లనిస్తడా? నేను వద్దనలే. డబ్బా వద్దన్నది. కోపం మటుకు నా మీద."

"డబ్బా మీద కోపం జేస్తె ఏం లాభం? దానికేమన్న సిగ్గుంటదా?"

"నువ్వు ఈనెలు తియ్యి మనోరమా."

"ఇగ ఎవ్వరు కదలొద్దు. పాతది తీస్తున్న. ఈ పక్క కడ్డీ లేపితే చిప్పు మెత్తగ పైకొస్తది... గట్టిగ పట్టింది. ఆ, వచ్చింది. చూడుర్రి, ఎన్ని కాళ్లున్నయో."

"వామ్మో, జెర్రి లెక్కుంది. దాన్ని ఏం జేస్తవ్, పారేస్తవా?"

"పారెయ్యొద్దు! నిఖత్ బిడ్డా, కిందవెట్టకు. మనోరమా, తమలపాకు తే. తాంబూలం పళ్లెంల పెడదాం. ఎన్ని ఇండ్లు నిలబెట్టింది!"

"తెస్త గని, ఈ కొత్తది ఏడ దొరికింది బిడ్డా నీకు? ఇవి దుకాణంల ఉంటయా?"

"ఉండవ్ ఆంటీ. మా అబ్బాజాన్‌కు మేడ్చల్‌ల షాపు ఉండె గద, ఆయన ఉన్నప్పుడే దొరకకపోయేటివి. మూతవడ్డ ఫ్యాక్టరీల పెద్ద మిషన్ల కెళ్లి తీస్తరు."

"ఎవరు తీస్తరు?"

"...అంకుల్, ఒక నిమిషం. బోర్డు మీద వోల్టులు మార్చాలె. పాతది ఐదు తాగుతది, కొత్తది మూడున్నర గూడ తాగది. ఈ చిన్న నల్ల టోపీలు తీసి పక్క పుల్లలకు పెట్టాలె. మరిచిపోయి కరెంటు ఇస్తే మాడిపోతది."

"టోపీ మారిస్తే తిండి తగ్గిస్తదా? మంచిగుంది. ఇగ ఆ చుక్క ఏంది, మూలకు?"

"అది గుర్తు ఆంటీ. చిప్పు మూల మీద చుక్క, బోర్డు మూల మీద చుక్క. రెండూ ఒకదిక్కే ఉండాలె. అటిటయితే పని ఖతం."

"అంటె దానికి గూడ జాతకం కలువాలె."

"చూసినవా మనోరమా! నేను చెప్పలేదా, అన్నిటికి ఉంటది!"

"కాకపోతే అంకుల్, ఇది కలిసిందో లేదో కంటికి కనిపిస్తది. ఇగో, కూసుంది. కడ్డీ దించుతున్న. ఇగ ఈ తెల్ల పేస్టు రాసి, ఫ్యాను పెట్టి..."

"పండ్లు తోమే పేస్టా?"

"కాదు ఆంటీ, వేడి గుంజుకునేది. దివ్యా, టార్చి చాలు. స్విచ్చు వెయ్యి."

"ఆగు ఆగు! మంచి టైము సూడాలె. దుర్ముహూర్తం... దివ్యా! ఏసేసింది సూడు!"

"గుర్రుమంటుంది. పేలుతదా బిడ్డా?"

"పేలది ఆంటీ. ఫ్యాను. వచ్చింది... వచ్చింది. చూడుర్రి అంకుల్, వంద అని రాసింది. బోర్డు ఒప్పుకుంది."

"తల్లీ! సీతారామ! వచ్చింది, నా జాతకాల బొమ్మ వచ్చింది! ఇంత జల్దీనా? మొదలు ఈ బొమ్మ వచ్చేవరకు నేను స్నానం జేసి వస్తుంటి."

"ఇగ ఒకటి నడిపి చూద్దాం. ఏది పెట్టాలె?"

"మేడ్చల్‌ది పెట్టు. మల్లేష్, శ్రీదివ్య. కాగితం ఇగో. మనోరమా, చాయ్ పెట్టు."

"ఇప్పుడెందుకు? నాలుగింటికి వాళ్లొచ్చినంక పెడత."

"చాయ్ తాగందే ఎంటర్ ఎట్ల కొడ్త? పేర్లు పెట్టాలె, చాయ్ తాగాలె, ఎంటర్ కొట్టాలె. గప్పుడు ప్రింటర్ కరకర అంటది. పద్ధతి."

"ఎంటర్ కొట్టే పనే రాలేదు అంకుల్. అయిపోయింది. చూడుర్రి. వర్ణం ఒకటి, వశ్యం రెండు, తార మూడు, యోని నాలుగు, గ్రహమైత్రి సున్నా, గణం ఆరు, రాశి ఏడు, నాడి ఎనిమిది. ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటే! సూసినవా మనోరమా! చిప్పు మారినా మాట మారలే! ఫోనోళ్లను రమ్మను ఇప్పుడు! నిఖత్ బిడ్డా, నీ చెయ్యి సల్లగుండ."

"ఒక్కదాంతోటి తెల్వదు అంకుల్. ఇంకోటి పెడితే పక్కా అయితది. ఏదన్న పాత కాగితం ఇయ్యుర్రి."

"అల్మారిల ఫైలుంది. దివ్యా, బాలమల్లు వాళ్లది... ఆ, తెచ్చింది. ఇయ్యి నిఖత్‌కు."

"తారీఖు... టైము... పుట్టిన ఊరు... కొట్టిన. అంకుల్, ఇది చాయ్ తాగేంత గూడ తీసుకోదు, మంచినీళ్లు తాగేంత. అయిపోయింది. ముప్పై నాలుగు."

"ముప్పై నాలుగా! ఎవరిది గంత బంగారు జోడి? బాలమల్లు కొడుకుది గాదు గద? వానికి ఏనాడూ పది దాటలే."

"ఆంటీ, మీరు గూడ వినుర్రి. శ్రీదివ్య, పరమేష్."

"ఏమన్నవ్ బిడ్డా?"

"ముప్పై ఆరుకు ముప్పై నాలుగు ఆంటీ. మల్లేష్ కన్న మూడు ఎక్కువ."

"తప్పు. తప్పు కొట్టినవ్ నిఖత్. మళ్లా కొట్టు."

"మళ్లా కొట్టిన అంకుల్. ముప్పై నాలుగు."

"ఆ కాగితం మీద పదమూడు ఉంది! నా చేతితోని దాని సుట్టూ సున్నా చుట్టిన!"

"ఉంది. చిప్పు మారింది గని, తారీఖులు అవే."

"చిప్పు... ఆగు. ఆ చిప్పు ఏడికెళ్లి తెచ్చినవ్? ఇందాక గూడ అడిగితే టోపీల సంగతి చెప్పినవ్. నిజం చెప్పు."

"దూలపల్లి కెళ్లి."

"దూలపల్లిల ఏడ?"

"...పరమేష్ షెడ్డుల అంకుల్."

"అట్ల చెప్పు! విన్నవా మనోరమా! వాని షెడ్డుల పండిన చిప్పు వాని దిక్కు మాట్లాడక నా దిక్కు మాట్లాడతదా?"

"అంకుల్, మల్లేష్‌కు ముప్పై ఒకటి ఇచ్చింది గూడ ఈ చిప్పే గద."

"అది... అది మనకు నమ్మకం కుదరాలని ఇచ్చింది. ముందు నమ్మకం, తర్వాత మోసం. తియ్యి. పాతది పెట్టు మళ్ల."

"పెడత. పాతది పెట్టినా ముప్పై నాలుగే వస్తది, అరగంట ఆగితే. అంకుల్, ఈ కాగితం ఒక్కసారి చూడుర్రి. వర్ణం ఒకటి, వశ్యం రెండు, తార మూడు, యోని రెండు, గ్రహమైత్రి ఐదు. పదమూడు. ఆ కింద మూటికి గీతలున్నయ్. గీత అంటే ఏంది?"

"దోషం."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాల్నా? కలిసిన కాడ అంకె వస్తది, కలువని కాడ గీత వస్తది. సిన్న పోరనికి గూడ తెలుస్తది."

"కలువకుంటే సున్నా రావాలె గద. ఇప్పుడే చూసినం, మల్లేష్‌కు గ్రహమైత్రి కాడ సున్నా వచ్చింది, గీత రాలే."

"సున్నా అంటే సిన్న దోషం. గీత అంటే పెద్ద దోషం."

"సున్నా కన్న తక్కువ ఉంటదా అంకుల్?"

"జాతకంల ఉంటది."

"ఓ దివ్య నాయినా, ఆ పిల్ల చెప్పేది జర ఇను. నువ్వు చెప్పుడు తర్వాత."

"ఈ కాగితాల కింది భాగం అన్నిటికి కత్తిరించి ఉన్నదేంది అంకుల్?"

"అది కంపెనీ పేరు. ప్రతి కాగితం కింద ఇంగ్లీషుల ఒక లైన్ వస్తది. ఇంగ్లీషు ముక్క ఉంటే జాతకం లెక్క ఉండదు, కరెంటు బిల్లు లెక్కుంటది. గందుకే కత్తెరతోని నీటుగ తీసేస్త."

"తీసేసి పారేస్తరా?"

"నాకిస్తడు. పొయ్యి రాజెయ్యనీకి మంచిగుంటయ్ బిడ్డా. సన్నగ, పొడుగ్గ."

"ఇరవై ఏడేండ్ల సంది పొయ్యిలనే పోయినయా ఆంటీ? ఒక్కటన్న మిగలలేదా... దివ్యా? ఏంది, అల్మారిల కెళ్లి తీసిన నీ పుస్తకంల ఏంది అది?"

"గిదేంది? గీ పట్టీ నీ కాడెట్లుంది దివ్యా? పరమేష్ వాళ్లొచ్చిన దినమే నేను పొయ్యిల ఏసిననే అనుకున్న!"

"ఆంటీ, నేను తెలుగుల చెప్త. దీని మీద ఏం రాసి ఉందంటే, 'లెక్క మధ్యల ఆపిన్రు. ఎనిమిదిట్ల ఐదు అయినయ్. మూడు చెయ్యలేదు. వాటికి గీతలు పెట్టినం.'"

"ఎవరాపిన్రు? నేను ఆపలే."

"ఎంటర్ కొడితే ఆగుతది అంకుల్. లెక్క అయిపోతే అదే ప్రింటు చేస్తది, మీరేం కొట్టే పని లేదు. మధ్యల కొడితే, అప్పటిదాకా ఎంతైతే అంత ఇచ్చేస్తది. మిగిలిన వాటికి గీత."

"ఆ సారు చెప్పిండు! చాయ్ పానీ అయినంక ఎంటర్ కొట్టు వీరయ్యా అన్నడు!"

"ఎంటర్ కొట్టుడు కాగితం ముందుకు జరుపనీకి కావచ్చు అంకుల్. ఆయన చాయ్ పానీ అరగంట కావచ్చు. మీది?"

"ఈయనది ఐదు గుటకలు. నాలుక కాలుతదని గూడ సూడడు."

"మనోరమా!"

"నిజం చెప్తున్న. అంటె నిఖత్ బిడ్డా, నాకు సమజయ్యేటట్టు చెప్పు. చాయ్ తాగేటంతల లెక్క సగమే అయితది. అన్నం తిని వచ్చినంక కొడితే మొత్తం అయితది. గంతేనా?"

"గంతే ఆంటీ."

"మల్లేష్ వాళ్లు అన్నం తిన్నరు. పరమేష్ వాళ్లు చాయ్ తాగిన్రు."

"గంతే."

"రామ రామ. అయితే బాలమల్లు కొడుకుకు మూడు సంబంధాలు తప్పిపోయినయ్ గద, అవి?"

"ఆ బాలమల్లు చెరువుల వల ఏసి వస్తడు మనోరమా! వల తియ్యాల్నంటడు, సగం చాయ్ వదిలేసి లేస్తడు. నేను ఎంటర్ కొట్టక ఏం జేస్త? ఒకసారి మూడే వచ్చినయ్ ముప్పై ఆరుకు. నేనే బుగులువడ్డ. ఇసొంటి జాతకం ఏడ సూడలే అన్న."

"మూడా? అంటే రెండు లెక్కలే అయినయ్ అంకుల్. ఒకటి, రెండు. మూడు."

"మరి పొలాలున్నోళ్లు వస్తే ఏందయ్యా? తిని, తాంబూలం నమిలి, ఒక కునుకు తీసి లేస్తరు. వాళ్లకు ఎప్పుడన్న ముప్పై తక్కువ వచ్చినయా?"

"రాలే."

"పేరున్నోళ్ల జాతకాలు బలంగ ఉంటయంటివి గద నువ్వు?"

"అనుకున్న మనోరమా. గట్లనే అనుకున్న. నిఖత్ బిడ్డా, జర ఆ ఫైలు ఇటియ్యి. నాడి దోషమని ఎంతమందికి చెప్పిన! శాంతులు చేపిచ్చిన! మచ్చ బొల్లారంల ఒక తల్లి ఏడ్చుకుంట పోయింది. నా ఐదు గుటకలకు!"

"నువ్వు గంతగనం బాధపడకయ్యా. అందరికి అన్యాయం కాలేదు. ఈదమ్మ మనుమరాలు కావ్యకు అల్వాల్ సంబంధం వచ్చింది యాదికుందా? వాడు పొద్దుగాల్నే తాగి వచ్చిండు మనింటికి. నేను చాయ్ జల్దీ తెచ్చిచ్చిన. పదొచ్చినయ్. పిల్ల బతికిపోయింది. తర్వాత మంచి పోరడు వచ్చిండు, వాళ్లకు పప్పుచారు పెట్టిన."

"...పప్పుచారు ఎందుకు పెట్టినవ్?"

"కలువాలని."

"ఏందయ్యా గట్ల సూస్తున్నవ్?"

"నీకు తెలుసా మనోరమా?"

"నాకు డబ్బా సంగతి ఏం తెల్వదు. తిని పోయినోళ్లకు కలుస్తది, ఉత్త చాయ్ తాగిపోయినోళ్లకు కలువది. గంత మటుకు తెలుసు. ఇరవై ఏండ్ల సంది గిన్నెలు కడుగుతున్న, గంత గూడ తెల్వదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఏనాడన్న అడిగినవా? దేవుని మహిమ అంటివి. నేను పొయ్యి కాడి దాన్ని, నాకేం తెలుసు అనుకున్న."

"ఆంటీ, అంటే మీరు..."

"ఏమైంది బిడ్డా? తాగుబోతులకు, ఆడోళ్లను కొట్టేటోళ్లకు చాయ్. మంచోళ్లకు అన్నం. మస్తు ఇండ్లు నిలబడ్డయ్. మీ చిప్పు నిలబెట్టలే, నేను నిలబెట్టిన. తమలపాకు నాకు పెట్టాలె."

"ఆగు మనోరమా. పరమేష్ వాళ్లు వచ్చిన దినం... నువ్వు కోడికూర వండినవ్."

"వండిన. అయితే?"

"వాసన వాకిలి దాక వచ్చింది. నాకు ఆకలైతుండె. అన్నానికి పిలుస్తవని కూసున్న. నువ్వు చాయ్ తెచ్చినవ్."

"అడిగిన్రు, తెచ్చిన."

"ఎవ్వరు అడుగలే. 'అన్నం యాల్లకు చాయ్ ఎందుకక్కా' అని వాళ్లమ్మనే అన్నది."

"గంతగనం యాదికున్నదా నీకు? నిన్న తిన్నది యాదికుండదు."

"కూర ఏమైంది?"

"ఏ కూర?"

"కోడికూర మనోరమా."

"పక్కింటికిచ్చిన. ఇగ గీ చిక్కుడుకాయలు... దివ్యా, ఆ పళ్లెం ఇటు జరుపు. నిఖత్ బిడ్డా, నీళ్లు తాగుతవా?"

"వద్దు ఆంటీ."

"చెప్పు మనోరమా."

"ఏం చెప్పాలె? ఆమె నా వంటింట్లకు వచ్చింది. వచ్చి కూరగిన్నె మూత తీసింది. నన్ను అడుగలే, తీసింది. తీసి, 'మా పరమేష్‌కు గింత కారం పడదు, దివ్యకు నేను నేర్పుకుంట తియ్యి' అన్నది. నేర్పుకుంటదట! ఇరవై మూడేండ్లు నేను పెంచిన పిల్లకు!"

"గంతేనా?"

"గంతే అంటవేంది? నవ్వుకుంట అన్నది గూడ. మరి మల్లేష్‌కు తల్లి లేదు. దివ్య మేడ్చల్ కెళ్లి వారంవారం వస్తది, నా కాడ కూసుంటది. నాకున్నది ఒక్కతే పిల్ల. ఈ ఇంట్ల నాతోటి మాట్లాడేది అదొక్కతే. నువ్వు డబ్బాతోటి మాట్లాడతవ్... దివ్యా? పళ్లెం ఎందుకు కింద పెట్టినవ్ బిడ్డా? ఇంకా సగం ఉన్నయ్."

"టార్చి గూడ బల్ల మీద పెట్టేసింది అంకుల్."

"దివ్యా, నీ మంచికే జేసిన. ఇటు సూడు. తిట్టు, తిడితే పడత. చెప్పులెందుకు? గీ యాల్ల ఏడికి? నాతోటన్న మాట్లాడు బిడ్డా! ఓ దివ్య నాయినా, ఆపు!"

"నేను ఎట్ల ఆప్త? నాతోటి ఆర్నెల్ల సంది మాటల్లేవ్."

"గేటు తీసింది... చెప్పలేదు. నాకు గూడ చెప్పలేదు. నిఖత్ బిడ్డా, నువ్వన్న సూడు, ఎటు తిరిగింది?"

"కొంపల్లి రోడ్డు దిక్కు ఆంటీ. దూలపల్లికి అటే పోవాలె."

"ఫోన్ మోగుతుందయ్యా. ఎవరు?"

"హలో... ఆ, మల్లేష్ నాయినా... నమస్తే నమస్తే. అరగంట ముందే బయలెల్లిన్రా? గుడి కమాన్ కాడికి వచ్చిన్రా? రండ్రి, రండ్రి. గుడిల దర్శనం చేసుకొనే రండ్రి, తొందరేం లేదు... ఆ, డబ్బా తయారుంది. మీ ముందటనే కొడ్త."

"వాళ్లేనా? అయ్యో, ఇప్పుడు ఏమని చెప్తవ్? పిల్ల లేదని చెప్తవా? పూలుపండ్లు పట్టుకొని వచ్చినోళ్లను ఎట్ల పంపిస్తవ్? బియ్యం కడిగిన, పప్పు ఉడికింది. అన్నం పెట్టాల్నా, వద్దా?"

"నిఖత్ బిడ్డా, పాత చిప్పు పెట్టేటందుకు ఎంతసేపు?"

"పది నిమిషాలు అంకుల్. టోపీలు మళ్ల మార్చాలె, గంతే. ఎందుకు? నమ్మకం కుదరలేదా?"

"కుదిరింది. గందుకే పెట్టుమంటున్న."

"మొన్న వాళ్లకు ముప్పై ఒకటి వచ్చినయ్ గద అంకుల్. వాళ్లకు తెలుసు."

"మొన్న వాళ్లు అన్నం తిన్నరు బిడ్డా. మనోరమా, లే. ఏడ్చుడు తర్వాత. అన్నం వద్దు, పాలు పెట్టు. ఉత్త చాయ్, జల్దీ తేవాలె."